ఎన్నాళ్ళు పట్టింది?

"కెన్యా వెళ్ళొచ్చావు కదా, ఏం తెచ్చావు?"

తిరిగొచ్చాక నెల రోజుల వరకూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అక్కడేం చూశావు, ఎవరిని కలిశావు అని అడిగినవాళ్ళు తక్కువ. తెచ్చినవి బల్లమీద పరవగానే రెండో ప్రశ్న వచ్చేది: "ఎంత పడింది?" చెప్పగానే తీర్పు. "పర్లేదు, బాగానే బేరమాడావు" అనో, "అయ్యో, నిన్ను బాగా ముంచారు" అనో. నా పది రోజుల ప్రయాణం ఈ రెండు ప్రశ్నల్లో, ఒక తీర్పులో ముగిసిపోయేది. ఇంకో ప్రశ్న ఉంటుందని నాకూ తట్టలేదు, మా అమ్మమ్మ అడిగే దాకా.

2019 జూలైలో నైరోబీలో ఒక సాహిత్య సదస్సుకి వెళ్ళాను. అప్పటికింకా నా పిహెచ్.డి. పూర్తికాలేదు. టిక్కెట్టు డబ్బుల్లో సగం సదస్సు వాళ్ళిచ్చారు, మిగతా సగం నా ఫెలోషిప్పులోంచి కూడబెట్టుకున్నది. సాహిత్యం చదువుకునేవాళ్ళకి నైరోబీ అన్ని ఊళ్ళలాంటి ఊరు కాదు. ఇంగ్లీషు శాఖను రద్దు చేయాలని 1968లో గూగీ వా థియాంగో, హెన్రీ ఒవూర్ అన్యుంబా, తబాన్ లో లియాంగ్ కలిసి రాసింది అక్కడి విశ్వవిద్యాలయంలోనే. ఆఫ్రికా పిల్లలు ఆఫ్రికాని మధ్యలో పెట్టుకుని చదవాలి, మిగతా ప్రపంచం దాని చుట్టూ రావాలి అని వాళ్ళ వాదన. 2025 మే నెలలో గూగీ చనిపోయారన్న వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ యూనివర్సిటీ మెట్ల మీద, జూలై చలిలో, నిలబడి తాగిన టీ.

నా పేపరు తెలుగు కథల్లో స్త్రీల సమయం గురించి. నేను బయల్దేరడానికి కొద్ది రోజుల ముందే, జూన్ 28న, అబ్బూరి ఛాయాదేవి గారు చనిపోయారు. తృప్తిగా నిద్రపోవడానికి కూడా వీలు చిక్కని ఇల్లాలి గురించి ఆమె రాసిన 'సుఖాంతం' కథతోనే నా పేపరు మొదలవుతుంది. ఆడవాళ్ళ పనికి గంటల లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి విలువ లేదు, విలువ లేదు కాబట్టి అది పనే కాదు... ఇలా సాగింది నా వాదన. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది. ఈ సంగతి గొప్పకోసం చెప్పడం లేదు. అది గురువారం. ఆ శనివారం నేను చేసిన పని గురించి చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ దొరికింది. అమ్మకి ఏదైనా బట్ట కొందామని బియాషరా స్ట్రీట్‌కి వెళ్ళాను. స్వాహిలీలో బియాషరా అంటే వ్యాపారం. ఒకప్పుడు ఆ వీధి పేరు ఇండియన్ బజార్. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డు దాకా బ్రిటిష్ వాళ్ళు 1896 నుంచి 1901 వరకు రైలుమార్గం వేశారు. దానికోసం మన దేశం నుంచి, ముఖ్యంగా పంజాబు నుంచి, ముప్ఫై వేల మందికి పైగా కూలీలను ఒప్పందం మీద తీసుకెళ్ళారు. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే పోయారు. నైరోబీ అనే ఊరు పుట్టింది కూడా 1899లో, ఆ రైలు పని కోసం వేసిన మకాంగానే. రైలు వెనకాలే గుజరాతీ వర్తకులు వెళ్ళారు. స్వాహిలీలో కొట్టుని 'దుకా' అంటారు, డబ్బుని 'పెసా' అంటారు, బండిని 'గారి' అంటారు. దుకాణం, పైసా, గాడీ అక్కడ అలా స్థిరపడిపోయాయి. మనుషులు స్థిరపడటం మాత్రం అంత సులువు కాలేదు. ఆసియా సంతతి వాళ్ళని కెన్యా ప్రభుత్వం దేశంలో 44వ తెగగా గుర్తించింది 2017లో.

నేను వెళ్ళిన కొట్లో నేల నుంచి కప్పు దాకా కాంగాలే. కాంగా అంటే ఆడవాళ్ళు నడుముకి చుట్టుకోవడానికి, తలకి కప్పుకోవడానికి, బిడ్డను వీపున కట్టుకోవడానికి వాడే నూలుగుడ్డ. జంటగా అమ్ముతారు. కొన్నాక మధ్యకి కత్తిరించి అంచులు మడిచి కుట్టుకోవాలి. చుట్టూ అంచు, మధ్యలో బొమ్మ, కింది భాగంలో ఒక పలుకు ఉంటాయి. ఆ పలుకుని 'జీనా' అంటారు, అంటే పేరు. పొరుగింటావిడతో పడకపోతే నోరు విప్పి తగవు పెట్టుకోనక్కర్లేదు, తగిన సామెత ఉన్న కాంగా చుట్టుకుని ఆమె గుమ్మం ముందు నుంచి నడిస్తే చాలు. మొగుడికీ, సవతికీ, అత్తగారికీ చెప్పలేని మాటలు కూడా అలాగే చెప్తారట. మనకి మాట్లాడే వీలు లేకపోతే గుడ్డ చేతనైనా మాట్లాడిస్తాం కదా అనుకున్నాను.

అమ్మ కోసం నేను ఎంచుకున్న దానిమీద "హాబా నా హాబా హుజాజా కిబాబా" అని ఉంది. కొంచెం కొంచెంగానే కిబాబా నిండుతుంది అని అర్థం. కిబాబా అంటే మన సోల, తవ్వల్లాంటి గింజల కొలత. మడత విప్పి చూస్తే అంచు మీద చిన్న అక్షరాల్లో 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంది! ఇంత దూరం వచ్చి మన గుడ్డే కొనుక్కుంటున్నానా అని నవ్వొచ్చింది. కొట్టాయన కూడా నవ్వాడు. హిందీలో మాట్లాడాడు, టీ తెప్పించాడు, వాళ్ళ తాత జామ్‌నగర్ నుంచి ఓడెక్కి వచ్చిన కథ చెప్పాడు. తర్వాత ధర చెప్పాడు. నేను ఒక్క మాట అనకుండా ఇచ్చేశాను. గోడకి 'ఫిక్స్‌డ్ ప్రైస్' అని బోర్డు ఉంది మరి.

మర్నాడు మసాయి మార్కెట్. అది మన వారపు సంతలాంటిది. ఒక్కో రోజు నగరంలో ఒక్కో చోట పరుస్తారు. నేను వెళ్ళిన శనివారం నగరం నడిబొడ్డున, కోర్టుల దగ్గరి ఖాళీ జాగాలో పరిచారు. సదస్సులో పరిచయమైన ఒక పరిశోధకురాలు నాకు తోడొచ్చింది. కాంబా తెగ అమ్మాయి, నా వయసే.

పేరుకి మసాయి మార్కెట్ గానీ అక్కడ దొరికేవన్నీ మసాయిలవి కావు. కిసీ ప్రాంతంలోని తబాకా నుంచి వచ్చిన బలపపు రాతి గిన్నెలు, కాంబా వాళ్ళు చెక్కిన జిరాఫీలు, ఏనుగులు, నార బుట్టలు, పూసల నగలు, అన్నీ నేలమీద గుడ్డలు పరిచి పెట్టారు. కాంబా వాళ్ళ చెక్కపని అనాదిగా వస్తున్నదని నేననుకున్నాను. కాదట. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఒక కాంబా మనిషి టాంగన్యికాలో ఆ విద్య నేర్చుకుని వచ్చాక మొదలైందట. కొనేవాళ్ళు తెల్లవాళ్ళు కాబట్టి వాళ్ళకి ఏ ఆఫ్రికా కావాలో ఆ ఆఫ్రికానే చెక్కుతూ వచ్చారు. బలపపు రాయిని చెక్కేది ఎక్కువగా మగవాళ్ళు. దాన్ని నీళ్ళతో తడుపుతూ, గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నున్నగా చేసేది ఆడవాళ్ళు. చెక్కినవాడు కళాకారుడు, రుద్దినామె ఇంట్లో మనిషి. నా స్నేహితురాలు ఈ మాట చెప్తుంటే నాకు మన కొండపల్లి గుర్తొచ్చింది. అక్కడ పొణికి కర్ర చెక్కేది మగవాళ్ళు, రంగులద్దే పనిలో ఇంటి ఆడవాళ్ళ చెయ్యి ఉంటుంది. బొమ్మ చేసినదెవరని అడిగితే మాత్రం మగవాళ్ళ పేరే చెప్తారు.

సంతలో అడుగుపెట్టగానే ఒక కుర్రాడు నా పక్కన చేరాడు. చేతిలో చిన్న నోటుబుక్కు. "సిస్టర్, మీకు నచ్చినవన్నీ ఇందులో రాస్తాను. డబ్బు గురించి చివర్లో మాట్లాడుకుందాం." అలాంటివాళ్ళని అక్కడ బ్రోకర్లు అంటారు. అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్య నిలబడి తమ వాటా తీసుకుంటారు. నా స్నేహితురాలు వద్దని సైగ చేసింది. నాకు మొహమాటం. పైగా, భాష రానిచోట ఒక మనిషి తోడుంటే మంచిదేగా అనిపించింది.

వరస చివర్లో ఒక పెద్దామె కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. గుండు, సాగిన చెవి తమ్మెలు, భుజం మీద ఎర్రటి గళ్ళ దుప్పటి. ముందు పరిచిన నగల వంక చూడటం లేదు. ఒళ్ళో సగం అల్లిన పూసల పట్టెడ పెట్టుకుని, తీగకి పూసలు ఎక్కిస్తోంది. నేను వంగి ఒక కంటె చేతిలోకి తీసుకున్నాను. పళ్ళెంలా వెడల్పుగా, మెడ చుట్టూ భుజాల దాకా వచ్చే కంటె. ఎరుపు, తెలుపు, నీలం, మధ్యలో సన్నటి ఆకుపచ్చ వరస. కుర్రాడు పాఠం అప్పజెప్పాడు: ఎరుపంటే ధైర్యం, నెత్తురు. తెలుపంటే పాలు. నీలం ఆకాశం, వాన. ఆకుపచ్చ గడ్డి. టూరిస్టులందరికీ ఇదే చెప్తాడని తెలుస్తూనే ఉంది.

"ఎంత?"

ఆమెని స్వాహిలీలో ఏదో అడిగి, "మూడు వేల అయిదొందలు" అన్నాడు.

అప్పుడు కెన్యా షిల్లింగు విలువ మన డబ్బులో డెబ్బై పైసల లోపు. అంటే రెండు వేల నాలుగొందల రూపాయలు. నాలో మా అమ్మ మేలుకుంది. సుల్తాన్ బజారులో నా చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని నేర్చుకున్న విద్యంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. చెప్పినదాంట్లో మూడో వంతు దగ్గర మొదలుపెట్టాలి. నచ్చినట్టు మొహంలో కనిపించనివ్వకూడదు. వస్తువుని కింద పెట్టెయ్యాలి. నాలుగడుగులు వెయ్యాలి, వెనక్కి పిలిస్తే తిరగాలి, పిలవకపోతే పక్క కొట్టు దగ్గర నిలబడాలి.

"వెయ్యి" అన్నాను.

కుర్రాడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. మూడు వేలు, రెండున్నర, రెండు. నేను కింద పెట్టేశాను. నాలుగడుగులు వేశాను. పిలిచాడు. ఆఖరికి పన్నెండొందల దగ్గర తెగింది. ఈ గొడవ సాగినంతసేపూ ఆమె నావంక రెండే సార్లు చూసింది. చేతులు మాత్రం ఆపలేదు. నేను లెక్కపెట్టలేదు గానీ, మేం బేరమాడిన ఆ పావుగంటలో తీగ మీద కనీసం ఒక వరస పెరిగి ఉంటుంది.

కుర్రాడికి ఒక వెయ్యి నోటు, రెండు వందల నోట్లు ఇచ్చాను. ఆ జూన్‌లోనే అక్కడ కొత్త నోట్లు వచ్చాయి. పాత వెయ్యి నోటు సెప్టెంబరు దాటితే చెల్లదని ప్రకటించారు. నాది పాత నోటు. అతను తిప్పి తిప్పి చూసి, పర్లేదన్నట్టు జేబులో పెట్టుకున్నాడు. తన జేబులోంచి వంద నోట్లు తీసి ఆమె చేతిలో లెక్కపెట్టాడు. ఏడు. ఆమె వాటిని మడిచి దుప్పటి మడతలో దోపుకుంది. పాత న్యూస్‌పేపర్లో కంటె చుట్టి నాకందించింది. 2017 నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. ఇచ్చేటప్పుడు ఏదో అని నవ్వింది.

"ఏమంటోంది?" అన్నాను.

"మీ అమ్మ నీకు బాగా నేర్పింది అంటోంది" అన్నాడు కుర్రాడు.

నేనూ నవ్వాను. మెచ్చుకోలు అనుకున్నాను. అక్కడ భారతీయుల్ని 'వహిందీ' అంటారు, వాళ్ళు బేరంలో గట్టివాళ్ళని పేరు. ఆ మాట విన్నా అప్పుడు నాకు గర్వంగానే ఉండేదేమో.

రోడ్డు మీదికి వచ్చాక నా స్నేహితురాలు అడిగింది, "ఆమెకి ఎంత ముట్టిందో చూశావా?"

"చూశాను. అయిదొందలు అతనే తీసుకున్నాడు. అన్యాయం" అన్నాను.

"అతనిది అన్యాయమే. నువ్వు మూడు వేలిచ్చినా అతను ఆమెకి ఏడొందలే ఇచ్చేవాడేమో, చెప్పలేం. కానీ నువ్వు ఎంతిచ్చావో అది నీ చేతిలో ఉంది కదా!"

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కాఫీ తాగుతూ తన తల్లి గురించి చెప్పింది. తల్లి కియోండో బుట్టలు అల్లుతుంది. కాంబా, కికుయు ఆడవాళ్ళు తరతరాలుగా అల్లే బుట్ట అది. ఒకప్పుడు అడవి పొదల నార, బావోబాబ్ చెట్టు నార వాడేవాళ్ళు. 1893లో జర్మన్లు టాంగన్యికాకి సీసల్ మొక్క తెచ్చి తోటలు వేశాక ఆ నార అంతటా వచ్చింది. బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని, బరువు వీపు మీద మోస్తారు. "మా అమ్మ కూర్చుని అల్లడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళకి పోతూ అల్లుతుంది, సంతకి నడుస్తూ అల్లుతుంది, చర్చిలో కబుర్లు చెప్తూ అల్లుతుంది. నడిచినంత దూరం అల్లుతూనే ఉంటుంది. అందుకే ఎవరడిగినా, అదేముంది, తీరిక వేళల్లో చేసేదే కదా అంటారు. మా అమ్మ కూడా అదే అంటుంది. ఆ తీరిక ఎక్కడుందో నేనింతవరకూ చూడలేదు."

రెండు రోజుల క్రితం నేను చప్పట్లు కొట్టించుకున్న పేపరు సారాంశం ఇదే. తేడా ఏమిటంటే, ఆమె తల్లి గురించి చెప్పింది. నేను ఫుట్‌నోట్లతో చెప్పాను.

రంగుల పాఠం గురించి కూడా ఆమె నవ్వింది. రంగుల అర్థాలు టూరిస్టుకి చెప్తారు, నగ అర్థం చెప్పరు అంది. మసాయి స్త్రీకి పెళ్ళయిందా లేదా అన్నది చెవికి వేలాడే నగల్ని, మెడలోని పొడవాటి నీలం పూసల దండల్ని బట్టి చెప్పొచ్చు. మసాయిలకి దగ్గరివాళ్ళయిన సంబురుల్లో ఇంకో ఆచారం ఉంది. ఒక యువకుడు చిన్న పిల్ల మెడలో ఎర్ర పూసలు వేస్తాడు. ఆ పూసలున్నన్నాళ్ళూ ఆ పిల్ల మీద అతనికి హక్కు. ఒకే వంశం కాబట్టి పెళ్ళి మాత్రం ఉండదు, గర్భం వస్తే ఉంచనివ్వరు. అక్కడి స్త్రీలే దీనిమీద పోరాడుతున్నారు. ఆ సంబురు ప్రాంతంలోనే 1990లో రెబెకా లొలొసొలీ, ఆమెతోపాటు ఇంకొందరు ఆడవాళ్ళు, హింస నుంచి బయటపడి ఉమోజా అనే సొంత ఊరు కట్టుకున్నారు. మగవాళ్ళకి అక్కడ నివాసం లేదు. బతుకుతెరువు ఏమిటంటే, అవే పూసలు. నగలు చేసి టూరిస్టులకి తామే అమ్ముకుంటారు. మెడకి గుదిబండ అయినవీ పూసలే, కూడు పెట్టినవీ పూసలే. ఇది విని జాలిపడే అర్హత నాకుందా? నల్లపూసలు తియ్యనన్నందుకు కాదు, తీసేస్తానన్నందుకు తిట్లు తిన్న స్నేహితురాళ్ళు నాకు ఎంతమంది లేరు!

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళి ఆమెకి మిగతా డబ్బులు ఇద్దామనుకున్నాను. వెళ్ళేసరికి సంత ఎత్తేశారు. తాళ్ళు చుట్టుకుంటున్నవాళ్ళు, బస్తాలు మోసుకుపోతున్నవాళ్ళు. ఆమె కూర్చున్న చోటు ఏదో కూడా పోల్చుకోలేకపోయాను. దొరికితే ఏమనేదాన్ని? నా మనసు తేలిక చేసుకోవడానికి నాలుగు నోట్లు పట్టుకొచ్చానని ఏ భాషలో చెప్పేదాన్ని?

ఇంటికొచ్చాక అందరి ప్రశ్నలూ అయ్యాయి. దసరా సెలవులకి పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కంటె పట్టుకెళ్ళాను. అప్పుడామెకి ఎనభై రెండేళ్ళు. కళ్ళజోడు తెప్పించుకుని, కంటె ఒళ్ళో పెట్టుకుని, ముందు వైపు ఒకసారి చూసి, వెంటనే తిరగేసింది. అంతమందిలో దాన్ని తిరగేసి చూసింది ఆమె ఒక్కతే. వేళ్ళతో వరసలు తడిమింది. ముళ్ళు ఎక్కడున్నాయో వెతికింది.

"ఎన్నాళ్ళు పట్టిందంటే దీనికి?"

"ఏమో అమ్మమ్మా. అడగలేదు."

"అడగలేదా? మరేమడిగావే?"

నేను మాట్లాడలేదు.

అమ్మమ్మకి ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల చాలా ఊళ్ళలోలాగే మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కూడా ఇంటింటా లేసు అల్లేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు బీద స్త్రీలకి నేర్పిన ఆ పని, తర్వాత కాపుల ఇళ్ళలోకి వచ్చింది. పొలానికి వెళ్ళడం పరువు తక్కువ, గడప లోపల కూర్చుని లేసు అల్లుకోవడం పరువు. ఊరవతల దళిత స్త్రీలు ఊడ్చి, కోసి, కూలి తెచ్చుకుంటే, వాళ్ళకంటే తక్కువ గిట్టే పనిని పరువుగా తలకెత్తుకుని మా అమ్మమ్మ కళ్ళు పోగొట్టుకుంది. ఏజెంటు వచ్చి దారం తూచి ఇచ్చేవాడు. అల్లినది తూచి తీసుకునేవాడు, దారం ఏమైనా మిగుల్చుకుందేమోనని. పువ్వులు అల్లేవాళ్ళు ఒకరు, వాటిని అతికేవాళ్ళు ఇంకొకరు. మొత్తం దుప్పటిగా అయ్యాక అది ఎలా ఉంటుందో చాలామంది చూసి కూడా ఎరగరు. అది ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకి అమ్ముతారో అసలే తెలీదు.

మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాది నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను పనివాళ్ళు అనకుండా 'ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్ళు' అనడం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె చూపించింది. నేను ఆ పుస్తకం ఎం.ఏ.లోనే చదివాను. నా పేపర్లో కూడా ప్రస్తావించాను. లేసు కొనేవాళ్ళ వైపు నేనెప్పుడైనా నిలబడతానని మాత్రం చదివేటప్పుడు ఊహించలేదు. 2023లో మీస్ చనిపోయారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి అమ్మమ్మ లేదు. ఉన్నా, "దానివల్ల పువ్వుకి ఎంతిస్తారంట?" అనే అడిగేది.

ఆ రోజు అమ్మమ్మ నన్ను వదల్లేదు. "ఇలా తే" అని, కంటెని వెలుతురు వైపు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై రెండు వరసలు. వరసల మధ్య విడిపోకుండా తెల్లటి ప్లాస్టిక్ పట్టీలు, ఏ నూనె డబ్బాలోంచో కత్తిరించి, వరసకొక బెజ్జం పొడిచినవి. లోపలి వరసలో పూసలు తక్కువ, బయటికి పోయేకొద్దీ ఎక్కువ. "రంగు మారినచోటల్లా ఆగి లెక్కపెట్టుకోవాలి. తప్పితే మళ్ళీ ఊడదియ్యాలి. వంటా, నీళ్ళూ, పిల్లలూ, గొడ్లూ చూసుకుంటూ అయితే..." వేళ్ళు మడిచింది. "నాలుగు రోజులు. ఆవిడ చెయ్యి తిరిగింది గాబట్టి. నాకైతే వారం."

నాలుగు రోజులు. ఏడొందల షిల్లింగులంటే నాలుగొందల డెబ్బై, ఎనభై రూపాయలు. రోజుకి నూట ఇరవై. అందులో పూసలూ తీగా ఆమె కొనుక్కున్నవే. ఆ ఏడాది మన ఉపాధి హామీ కూలి రోజుకి 211 రూపాయలు. దాన్ని పెంచాలని మేం సంతకాలు సేకరించాం.

"అంతేనా ఇచ్చింది నువ్వు? పాపం, దాని కళ్ళేం గాను!" అంది అమ్మమ్మ. తిట్టలేదు. ఆ కళ్ళ సంగతి తనకి తెలుసు, అంతే.

అమ్మ పక్కనే ఉంది. "బేరమాడకపోతే ఎలాగమ్మా, పరాయి ఊళ్ళో చెప్పినంతా ఇచ్చేస్తారా?" అంది. అమ్మది తప్పని నేననను. నెలాఖరుకి ఇల్లు ఎలా నెట్టుకురావాలో తెలిసిన మనిషి ఆమె. సుల్తాన్ బజారులో ఆమె మిగిల్చిన అయిదూ పదీ నా పుస్తకాలయ్యాయి. మగవాళ్ళ సంపాదన చేతికి అందినంత అందించుకుని, దాన్ని సాగదీసి బతకాల్సిన ఆడవాళ్ళకి బేరం ఒక్కటే ఆయుధం. కానీ ఆ ఆయుధం ఎప్పుడూ ఎవరి మీదికి వెళ్తుంది? ఫ్యాను కింద కూర్చున్న కొట్టాయన మీదికి వెళ్ళలేదు. 'ఫిక్స్‌డ్ ప్రైస్' అని బోర్డు రాయించుకోగలిగినవాళ్ళ మీదికి ఎప్పుడూ వెళ్ళదు. నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చున్న ఇంకో ఆడమనిషి మీదికే వెళ్తుంది. నా దగ్గరికొచ్చేసరికి నెలాఖరు ఇబ్బంది కూడా లేదు, అలవాటు మాత్రం మిగిలింది. అమ్మకి తెచ్చిన కాంగా మీది సామెత ఆ రోజు నుంచీ నాకు వేరేగా వినిపిస్తుంది. కొంచెం కొంచెంగా నిండే మాట నిజమే. నిండుతున్నది ఎవరి సోల?

అమ్మమ్మ కంటెని ఇంకా వదల్లేదు. వెనక వైపు ఒకచోట ముడి వదులైంది, రెండు పూసలు జారబోతున్నాయి. గూట్లోంచి తన సూది డబ్బా తెప్పించుకుంది. అందులో లేసు అల్లే కొక్కెం సూది ఇంకా ఉంది, పిడి అరిగిపోయి. సన్న సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాకిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. ముడి వేసి, దారం పంటితో కొరికి, "ఇక ఊడదు" అంది.

ఆ కంటె ఇప్పుడు నా పుస్తకాల అరలో ఉంది. మెళ్ళో ఎప్పుడూ వేసుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ళు చూసి ఎంత పడిందని అడిగితే, నాలుగు రోజులు అని చెప్తాను. కొందరు నవ్వేసి ధర అడుగుతారు, కొందరు మాట మారుస్తారు. అదైనా అమ్మమ్మ వేసిన అంచనాయే. అసలు లెక్క చెప్పగలిగిన మనిషి ఆ రోజు నా ఎదురుగా, చేతులు ఆపకుండా కూర్చునే ఉంది. నేను అడగలేదు.